తాళము వేసిన ఇండ్లు, వాకిటికి వచ్చిన మృగములు

ధ్యానభాగములు: నిర్గమకాండము 23:29, 30, 2 రాజులు 17:24–26, లూకా 13:1–5



గడచిన జీడిపంట కాలములో ఒక సాయంకాలము ఉద్దానములోని యొక గ్రామమునకు గృహకూడికకై వెళ్లితిమి. కూడిక ముగియుసరికి బాగుగా చీకటిపడినది. మేము బయలుదేరబోగా ఆ ఇంటి పెద్దమ్మ వాకిట నిలిచి, "ఇప్పుడెల్లొద్దు అయ్యగారూ. ఈ యేళకి ఎలుగు రోడ్డు మీదికొచ్చెత్తాది. నిన్న మా పనసచెట్టు కాడే ఉంది. పొద్దున్నే ఎల్దురుగాని" అని మమ్మును ఆపినది. ఆ రాత్రి ఆమె అరుగుమీద పండుకొని వీధివైపు చూచితిమి. ఆ వీధిలో పదునాలుగు ఇండ్లుండగా ఐదింటిలో మాత్రమే దీపములు వెలుగుచుండెను. తక్కినవాటికి తాళములు. కొన్ని వాకిళ్లలో తుప్పలు నడుమెత్తు పెరిగియుండెను.

మా చిన్నతనమున ఇట్టి ఊళ్లలో రాత్రి తొలిజాము సద్దు వేరు. ఒక ఇంట పిల్లలు ఎక్కములు చదువుచుండిరి. ఒక ఇంట జీడిపిక్కలు ఒలుచు స్త్రీలు మాటలాడుకొనుచుండిరి. కుక్కలు మొరుగుచుండెను, తోటలలో కావలివారు ఒకరినొకరు కేకవేసికొనుచుండిరి. మృగము అప్పుడును కొండమీద నుండెను. కాని అది క్రిందికి దిగి వచ్చుటకు జంకుచుండెను. ఇప్పుడు దానిని జంకించువారు ఊరిలో లేరు. ఈ నెల మనము ధ్యానింపవలసిన సంగతి ఇదే. మనుష్యుడు విడిచిన చోటికి మృగము వచ్చినప్పుడు, అక్కడ మిగిలినవారి విషయమై మన బాధ్యత ఏమి? ఆ మృగము విషయమై మన బాధ్యత ఏమి?

మన జిల్లాలలో జరిగినవి

ముందుగా సంగతులు ఉన్నవి ఉన్నట్లు జ్ఞాపకము చేసికొందము. 2018 జూన్ నెలలో సోంపేట మండలములోని ఎర్రముక్కాం గ్రామమున ఎలుగుబంటి మనుష్యులమీద పడి ప్రాణములు తీసినది. గ్రామస్థులు దానిని కొట్టి చంపిరి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలములోని కిడిసింగిలో ఎలుగు ఒకరిని చంపి అనేకులను గాయపరచినది. అధికారులు దానిని పట్టుకొనిరి గాని అది విశాఖపట్టణము జంతుప్రదర్శనశాలకు చేరకమునుపే చచ్చినది. ఆ సంవత్సరమే, కాకినాడ జిల్లాలో ప్రత్తిపాడు చుట్టుప్రక్కల పశువులను చంపిన పులి యొకటి ఉత్తరముగా నడచి అనకాపల్లి, విజయనగరం జిల్లాల ప్రజలను కలవరపెట్టెను.

ఏనుగుల సంగతి ఇంకను పాతది. 2007లో ఒడిశాలోని లఖారి లోయనుండి ఏనుగులు సరిహద్దు దాటి శ్రీకాకుళం జిల్లాలో ప్రవేశించెను. అటుతరువాత సీతంపేట, కొమరాడ, జియ్యమ్మవలస, గరుగుబిల్లి ప్రాంతముల రైతులు ఏనుగు పేరు వినినంతనే చెరకుతోటవైపు, అరటితోటవైపు పరుగెత్తుట అలవాటైపోయెను. పెద్ద ఏనుగు ఒక దినమున తినునది ఇంచుమించు నూటయేబది కిలోలు. ఒక మంద ఒక రాత్రి నిలిచిన చేనిలో రైతునకు మిగులునదేమో మీరు లెక్కవేసికొనవచ్చును. మనుష్యులును చనిపోయిరి, ఏనుగులును చచ్చెను. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలములో ఒక్క రాత్రియే నాలుగు ఏనుగులు విద్యుద్ఘాతమువలన చచ్చిపడెను. ఆ మందలో మిగిలినవి రెండే.

ఇక మనుష్యుల సంగతి. మన జిల్లాలనుండి జనము పనికై వెళ్లుట క్రొత్త కాదు. మన తాతలు రంగూనుకు ఓడలెక్కిరి. మన తరమువారు విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నపట్టణము పోవుచున్నారు. మన తీరపు మత్స్యకారులు గుజరాతులోని వేరావలి రేవుకు పోయి నెలలకొలది పరుల పడవలలో పనిచేయుచున్నారు. 2018 నవంబరులో ఆ విధముగా పోయిన మనవారిలో ఇరువదిమంది పాకిస్తానువారి చేతికి చిక్కి, 2020 జనవరివరకు కరాచీ చెరలో ఉండుట మనలో ఎవరును మరువలేదు. 2011 జనాభా లెక్కలలో ప్రతి వెయ్యిమంది పురుషులకు శ్రీకాకుళం జిల్లాలో 1,015 మంది, విజయనగరం జిల్లాలో 1,019 మంది స్త్రీలున్నట్లు తేలినది. దేశమంతటిమీద ఆ సంఖ్య 943. పొరుగూళ్లకు పోయిన మగవారి ఖాళీ ఈ అంకెలలో కొంతవరకైనను కనబడుచున్నది. దీనికితోడు ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి అనేక కుటుంబములను కూల్చెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు తీరమున విరుచుకుపడి కొబ్బరిని, జీడిని వేళ్లతో పెకలించెను. నాటిన కొబ్బరి కాపునకు రావలెనన్న ఏండ్లు పట్టును. అంతవరకు ఆగలేనివారు మూట కట్టుకొనిరి. వారి తోటలలో తుప్పలు పెరిగెను.

జనము తగ్గుటయొక్కటే కారణమని మేము చెప్పుటలేదు. కొండలమీద రాయి తీయుచున్నాము. ఏనుగులు తరతరములుగా నడచిన దారికి అడ్డముగా రోడ్లు, కాలువలు, గనులు వచ్చెను. ఎలుగు చెదపురుగులను, తేనెను, నేరేడు ఇప్ప పండ్లను తిని బ్రదుకు జంతువు. కొండమీద అవి తగ్గి, దిగువను జీడిపండును పనసయు ఏరువారు లేక క్రుళ్లుచుండగా, దాని ముక్కు దానిని ఎచ్చటికి తీసికొనిపోవును? మన కుమారులు కూటికొరకు దిగువకు పోయిరి. ఎలుగును కూటికొరకే దిగువకు వచ్చినది.

ఇది శిక్షయా?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట మృగమువలన మనిషి పోయిన యొక ఇంట ప్రార్థనకు వెళ్లితిమి. షోమ్రోనులోనికి సింహములు వచ్చిన వృత్తాంతమును చదివి, ప్రజలు దేవుని మరచినప్పుడు మృగములు వచ్చునని ప్రసంగించితిమి. ఆ ఇంటి విధవరాలు ఏమియు అనలేదు. తరువాత అనేక వారములు ఆమె గుడికి రాలేదు. మేము చూడబోగా, "నా పెనివిటి ఏం పాపం సేసినాడని అయ్యగారూ?" అని ఒక్క మాట అడిగినది. మాకు జవాబు దొరకలేదు.

గ్రంథములో అట్లు వ్రాయబడియున్నదా? వ్రాయబడియున్నది. దానిని మేము కాదనము. కాని ఆ అధ్యాయమును మొదటినుండి చదివి చూడుడి. షోమ్రోను ఊరకయే ఖాళీ కాలేదు. అష్షూరు రాజు అక్కడి జనమును చెరపట్టుకొనిపోయి, దూరదేశములనుండి వేరే జనమును తెచ్చి ఆ పట్టణములలో ఉంచెను. దేశమును ఖాళీచేసినవాడు సుఖముగా తన నగరులో నుండెను. సింహముల నోట పడినవారు, అతని ఆజ్ఞచే తెలియని దేశమునకు తేబడిన అల్పజనులు. ప్రవక్తల కాలపు చరిత్రకారుడు ఇది దేవుని చేయి అని వ్రాయుటకు ఆత్మప్రేరణ పొందెను. మనకట్టి ప్రేరణ కలిగినదా? ఒకరి ఇంట శవము లేచినప్పుడు, ఇది ఫలాని పాపమునకు ఫలమని చెప్పు అధికారము మనకెవరిచ్చిరి? సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయినప్పుడు, వారు యెరూషలేములోని ఇతరులకంటె అపరాధులని తలంచవద్దని మన ప్రభువే చెప్పెను. చనిపోయినవారి పాపమును లెక్కింపక, బ్రదికియున్న మీరు మారుమనస్సు పొందుడని వినువారివైపు తిరిగెను. మేమును ఆ దినమున ఆ విధవరాలివైపు కాక, మావైపు తిరుగవలసియుండెను. ఆమెకు క్షమాపణ చెప్పితిమి. ఈ పత్రికలో మరల చెప్పుచున్నాము.

దేశమునకు కాలిజాడలు అవసరము

నిర్గమకాండములోని మాట వేరొక వెలుగునిచ్చుచున్నది. వాగ్దానదేశములోని జనములను ఒక్క సంవత్సరములోనే వెళ్లగొట్టననియు, అట్లు చేసినయెడల దేశము పాడై అడవిమృగములు విస్తరించి ఇశ్రాయేలీయులకు బాధ కలిగించుననియు, వారు అభివృద్ధి పొందుకొలది కొంచెము కొంచెముగా చేయుదుననియు దేవుడు చెప్పెను. ఇక్కడ మృగము శిక్షగా చెప్పబడలేదు. నేలకును మనుష్యునికిని మృగమునకును ఉన్న సంబంధము ఎట్టిదో చెప్పబడినది. మనుష్యులు చాలినంతమంది లేని నేలలో మృగములు పెరుగును. ఇది వాన కురిసిన గడ్డి మొలచుట వంటిది. దేవుడు తన ప్రజలకు జయమును సహితము తొందరపడి ఇయ్యక, నేల పాడుపడకుండ చూచెను.

ఇది మన ఊరి సంగతియే కాదు. హిమాలయ పర్వతములలో ఉత్తరాఖండ్ రాష్ట్రమున పౌడీ, అల్మోడా జిల్లాల జనసంఖ్య 2001 నుండి 2011 లోపల తగ్గిపోయెను. అక్కడ మనుష్యులు లేని గ్రామములను దయ్యాల ఊళ్లని పిలుచుచున్నారు. పాడుపడిన ఇండ్ల చుట్టు పెరిగిన పొదలలో చిరుతలు పొంచియుండి, ప్రక్క ఊరిలో మిగిలిన పిల్లలకును వృద్ధులకును భయము కలిగించుచున్నవి. ధనమునకు కొదువలేని జపాను దేశములో సహితము యౌవనులు పట్టణములకు పోయి, పల్లెలలో వృద్ధులు మాత్రమే మిగిలిరి. కోయువారులేని పెరటిచెట్ల పండ్లకు ఎలుగులు వచ్చుట మొదలుపెట్టెను. 2023 ఏప్రిల్ మొదలు ఒక్క సంవత్సరములో 219 మంది వాటి దాడికి గురికాగా ఆరుగురు చనిపోయిరి. 2025లో మరణములు అంతకంటె ఎక్కువగుటచే, అకిటా ప్రాంతమున ఎలుగులను పట్టువారికి సహాయముగా సైనికులను పంపవలసివచ్చెను. అంత బలముగల ప్రభుత్వముకూడ, నిత్యము నడచుచు, కేకవేయుచు, పండ్లు కోయుచు ఉండిన నలుగురు మనుష్యుల స్థానమును వెంటనే పూరింపలేకపోయినది.

తీగె సంగతి

ఇక ఈ వ్యాసము వ్రాయుటకు కారణమైన ప్రశ్నకు వచ్చుచున్నాము. ఒక ఆదివారము ఆరాధన ముగిసినపిమ్మట మన సంఘములోని యొక వృద్ధుడు మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, తీగె ఎట్టడం పాపమేనా?" అని అడిగెను. అడవిపందులు అతని వేరుసెనగ చేనును రెండేండ్లు వరుసగా త్రవ్విపోసెను. ఈ యేడు చేనిచుట్టు ఇనుప తీగె కట్టి రాత్రివేళ దానికి కరెంటు తగిలించుచున్నాడు. పాపమని చెప్పుటకు మేము నోరు తెరవకమునుపే అతడు, "నా కొడుకులిద్దరూ ఉంటే తీగెందుకు బాబూ? ఆళ్లు కాసీవోళ్లు. నానొక్కణ్ణీ రేత్రంతా కూకోలేను గదా" అనెను.

ప్రియులారా, తీగె తప్పు అను సంగతిలో సందేహము లేదు. అది చట్టమునకు విరోధము. కాని చట్టమునకంటె ముందు, నిర్గమకాండము 21వ అధ్యాయము 33, 34 వచనములు చూడుడి. గోయి త్రవ్వి దానిని కప్పనివాడు, దానిలో పొరుగువాని ఎద్దుగాని గాడిదగాని పడినయెడల నష్టము అచ్చుకొనవలెను. నేను పడద్రోయలేదని చెప్పుటకు వీలులేదు. కప్పకపోవుటయే అతని నేరము. రాత్రివేళ చేనిచుట్టు కరెంటు తీగె కప్పబడని గోయి. అది పందికని కట్టినను పంది యేదో, తెల్లవారుజామున పొలమునకు పోవు పొరుగువాని కాలేదో, తప్పిపోయిన దూడను వెదకు పిల్లవాని చేయేదో ఎరుగదు. ఏనుగును ఎరుగదు. అట్టి తీగెలకు మనుష్యులు సహితము చచ్చుచుండుట మీరందరు వినుచునేయున్నారు.

ఇంతవరకు చెప్పుట సులభము. మేము ఇంతమాత్రము చెప్పి ఇంటికి పోయినయెడల, పరిసయ్యులవలె మోయశక్యముకాని బరువును కట్టి మనుష్యుల భుజములమీద పెట్టి, వ్రేలితోనైనను దానిని కదల్చనివారమగుదుము. ఆ వృద్ధునికి నిజముగా పంట పోవుచున్నది. అతనికి నిజముగా కావలివారు లేరు. ఆ తీగె అతని కుమారుల బదులు కావలికాయుచున్నది. దానిని తీయుమన్నవారు దాని బదులు ఏమి పెట్టుదురు?

అట్లయితే పోయిన కుమారులది తప్పా? వారిని నిందించుటకు గ్రంథములో ఆధారము మాకు కనబడలేదు. కరవు కలిగినప్పుడు ఎలీమెలెకు బేత్లెహేమును విడిచి మోయాబుకు పోయెను. అబ్రాహాము ఐగుప్తునకు పోయెను. యాకోబు కుమారులు ధాన్యమునకై పోయిరి. అయినను ఎలీమెలెకు పొలము దిక్కులేక పోలేదు. సమీప బంధువు దానిని విడిపింపవలెనన్న ధర్మము ఇశ్రాయేలులో ఉండెను (లేవీయకాండము 25:25). వెళ్లినవాని నేలయు, మిగిలినవాని బ్రదుకును దగ్గరి బంధువు చేతిలో నుండెను. మన ఊళ్లలో రక్తసంబంధులు దూరమైరి. కాబట్టి సంఘమే ఆ సమీప బంధువు కావలసియున్నది. దూరముననున్న కుమారులారా, మీరు పంపు సొమ్ములో కొంత మీ తాళము వేసిన ఇంటి వాకిట తుప్పలు కొట్టించుటకు, మీ తోటలోని పండ్లు ఏరించుటకు వినియోగింపుడి. మీ వాకిటి తుప్పలు మీ పొరుగు అవ్వకు అపాయము.

మృగము పక్షమున ఒక మాట

మృగమునకును మనకును హక్కు సమానమా అని కొందరు యౌవనులు అడుగుచున్నారు. మన ప్రభువు పిచ్చుకలనుగూర్చి చెప్పినప్పుడు రెండు సంగతులు ఒక్కచోటనే చెప్పెను. తండ్రికి తెలియకుండ ఒక్క పిచ్చుకయు నేలబడదు. అనేకమైన పిచ్చుకలకంటె మీరు శ్రేష్ఠులు. మొదటిదానిని విడిచినవాడు క్రూరుడగును. రెండవదానిని విడిచినవాడు, పెద్దమ్మ ప్రాణముకంటె ఎలుగు ప్రాణమునకే ఎక్కువ కన్నీరు కార్చును. మనిషి ప్రాణము మీదికి వచ్చినప్పుడు మనిషిని కాపాడవలసినదే. కాని పట్టుబడి, గాయపడి, దిక్కుతోచక తిరుగు జంతువు చుట్టు వందలమంది మూగి, రాళ్లురువ్వి, ఫోనులలో చిత్రములు తీసికొనుట ప్రాణరక్షణ కాదు, అది వేడుక. జలప్రళయము తరువాత దేవుడు చేసిన నిబంధన నోవహుతోనే కాక, ఓడనుండి వెలుపలికి వచ్చిన ప్రతి జంతువుతోకూడ చేయబడెనని ఆదికాండము 9వ అధ్యాయము చెప్పుచున్నది.

104వ కీర్తన వ్రాసినవాడు రాత్రిని మృగములకును, పగటిని మనుష్యునికిని దేవుడు పంచియిచ్చినట్లు చూచెను. చీకటిపడగా అవి తిరుగును. ప్రొద్దుపొడువగా అవి తమ గుహలకు పోవును, మనుష్యుడు పనికి బయలుదేరును. మన పెద్దలును ఈ పంపకమును ఎరుగుదురు. ఎలుగుకు చూపు చాలదు, వాసనయే దాని బలము. దగ్గరకు వచ్చువరకు మనిషిని కనిపెట్టలేక, బెదిరి మీదపడును. పిల్లలను వీపుమీద మోయు తల్లి ఎలుగు మరింత కోపము గలది. కాబట్టి మసకచీకటిలో ఒంటరిగా తోటకు పోవద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాటలాడుచు, చేత దీపముతో పోవలెను. పండిన పనసను ఇంటి ప్రక్కన క్రుళ్లనియ్యవద్దు. ఏనుగు కనబడినచో దానిని తరుమక అటవీశాఖవారికి తెలియజేయవలెను. పంట పోయినవారికిని, మనిషి పోయినవారికిని ప్రభుత్వ పరిహారము కలదు. కాగితములు వ్రాయలేక దానిని పోగొట్టుకొనువారు అనేకులు. మన యౌవనుల సమాజమువారు ఆ అర్జీలు వ్రాసిపెట్టుట మంచి సువార్త పరిచర్య.

ఆ వృద్ధుని సంగతి ఏమాయెనని మీరడుగుదురు. మన సంఘపు పెద్దలు కూడి మాటలాడితిమి. పంట చేతికి వచ్చువరకు వంతులవారీగా ఇద్దరు చొప్పున అతని చేనిలో మంచెమీద కావలియుండుటకు ఒప్పుకొంటిమి. మా వంతును వచ్చినది. అతడు తీగె చుట్టచుట్టి ఇంటిలో పెట్టెను. అయినను, వానపడి ఎవరును పోలేని యొక రాత్రి, పందులు వచ్చి చేనిలో ఒక మూలను త్రవ్విపోయెను. మరునాడు అతడు మమ్మును చూచి కోపపడలేదు, సంతోషింపను లేదు. తీగె ఇంకను అతని ఇంటిలోనే యున్నది. వచ్చు యేడు అది మరల చేనికి పోవునో లేదో మన నడవడిమీద ఆధారపడియున్నది. కోతపండుగనాడు అతని నష్టములో కొంతయైనను సంఘము భరింపవలెనని తీర్మానించితిమి. ఇతర గ్రామసంఘములవారును మీ మధ్య ఇట్టివారెవరో విచారింపుడి.

అడవిమృగములతో తన ప్రజలపక్షముగా నిబంధన చేయుదునని దేవుడు హోషేయ ద్వారా సెలవిచ్చెను. ఆ దినము ఇంకను రాలేదు. అంతవరకు నిర్గమకాండములోని ఆ మాటయే మనకు చాలును. కొంచెము కొంచెముగా. ఈ రాత్రి ఒక వాకిట దీపము, రేపు ఒక వాకిట తుప్పలు, ఒక చేనిలో ఇద్దరు మనుష్యులు.

కుటుంబ ప్రార్థనలో తలంచుటకు: మా వీధిలో ఒంటరిగా నున్న వృద్ధులెవరు? చీకటిపడిన తరువాత వారిని పిలిచి పలుకరించువారెవరు? మా తాళము వేసిన ఇల్లు ఎవరికైనను అపాయముగా నున్నదా?

ప్రార్థన: మనుష్యులను జంతువులను పోషించు తండ్రీ, దూరముననున్న మా పిల్లలను కాపాడుము. మిగిలినవారిని ఒంటరిగా విడువకుండ మాకు కాళ్లను, మెలకువను దయచేయుము. భయము మమ్మును క్రూరులనుగా చేయనియ్యకుము. ఆమేన్.